మూడోసారి అడిగేదాకా

క్లూన్‌బ్రాక్, లీట్రిమ్
తపస్సు కాలం, రెండో ఆదివారం

చెల్లాయి ఫినోలాకి,

దేవుడి దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. జాంబియాలో వానలు తగ్గుముఖం పట్టాయనీ, మీ ఆసుపత్రి పైకప్పు ఈ ఏడు నిలబడిందనీ రాశావు. ఇన్నాళ్లూ జపమాలలో ఒక పూస ఆ పైకప్పు పేరునే తిప్పాను. ఇక దాన్ని ఇంకొకరికి ఇవ్వొచ్చు.

మన పిండిమర సంగతి అడిగావు. రాస్తాను. తమ్ముడు కోల్మన్ దాన్ని ఊరికి ఇచ్చేశాడు. నాన్న పోయాక నీటిచక్రం తిరగలేదు కదా, వాడికి ఆవులతోనే సరిపోతుంది. శరత్కాలం నుంచి ఊళ్లో మగవాళ్లంతా శనివారాలు వచ్చి పలకరాళ్ల కప్పు విప్పి మళ్లీ వేశారు. ధాన్యం పోసే పై అంతస్తులో బొమ్మలు వేయడం నేర్పుతారట. కింద, మరరాళ్లు ఉన్నచోట, కుండలు చేస్తారు. ఓట్స్ ఆరబెట్టే గదిలో ఆ కుండలు ఆరతాయి. ఊరందరి కళాకేంద్రం అని దాని పేరు. “తాతలు పిండి ఆడించారు, మనం గిన్నెలు చేస్తున్నాం, గిన్నెలో వేయడానికి ఏం ఉంటుందో చూడాలి” అని కోల్మన్ నవ్వుతాడు. కరువు రోజుల్లో ఊరంతటికీ గంజిపిండి ఆడిన మర అది. కూలిపోకుండా నిలబడితే చాలని నా ప్రార్థన. నాన్న పోయినప్పటి నుంచి ప్రతి శనివారం కిటికీలు తీసి గాలి ఆడనిచ్చింది, ఏటా వెల్ల వేయించింది, చక్రం ఇరుసుకి కొవ్వు రాసింది నేనే. నీకు తెలుసు.

ఈ పనంతా నెత్తిన వేసుకున్నది హెన్నీ. నువ్వు చూడలేదు. హాలండ్ మనిషి, నలభై దాటాయి, కొండ మీద మేకలు పెట్టుకుని కుండలు చేస్తుంది. బార్ట్లీ గిల్‌రేన్ ఆమెని మేకల దొరసాని అంటాడు, ఆమె వెనకాలే అనుకో. మంచి మనిషి. మా గొడవ ఏమిటో చెప్తాను, అప్పుడు నువ్వే తేల్చు.

పోయిన నెల ఒక మధ్యాహ్నం వచ్చింది. గుమ్మంలో బూట్లు విప్పి, వంటింట్లో కూర్చుని, వాన గురించి గానీ నా మోకాలి గురించి గానీ ఒక్క మాట లేకుండా అడిగేసింది.

“డింప్నా గారూ, మరకి ఒక మనిషి కావాలి. తలుపు తీయాలి, వచ్చినవాళ్లని పలకరించాలి, అన్నీ కనిపెట్టుకుని ఉండాలి. మీరైతే బాగుంటుందని నాకనిపించింది. చేస్తారా?”

ఆ మాట కోసం శరత్కాలం నుంచి ఎదురుచూస్తున్నాను ఫినోలా. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మరి నేనేమన్నాను? “అబ్బే, నేనెందుకమ్మా. నాకు బొమ్మలు తెలుసా, మట్టి తెలుసా. నాకంటే తగినవాళ్లు బోలెడంతమంది ఉన్నారు” అని లేచి కెటిల్ పొయ్యి మీద పెట్టాను. అమ్మ పెంచిన పిల్ల మొదటిసారి అడగ్గానే సరే అంటుందా? ఎవరింటికి వెళ్లినా టీ వద్దంటాం. మళ్లీ అంటే ఇప్పుడే తాగి వచ్చామంటాం. ఇంకోసారి అంటే, మీరంతగా అంటున్నారు కాబట్టి సగం కప్పు అంటాం. ఆ సగం కప్పుతో సగం రొట్టె తిని వస్తాం. ఇరవై ఏళ్లు ఆఫ్రికాలో ఉన్నా నువ్వు మాత్రం మరిచిపోయి ఉంటావా?

నీళ్లు మరిగాయి. రెండోసారి అడుగుతుందని నెమ్మదిగా వెనక్కి తిరిగాను.

“సరే. సూటిగా చెప్పారు, సంతోషం. ఈ ఊళ్లో సూటిగా మాట్లాడేవాళ్లు తక్కువ” అంది హెన్నీ. అయితే మర తాళంచెవి నాకిచ్చేయండి, నేనే చూసుకుంటాను అని కూడా అంది. మేకుకి ఉన్న తాళంచెవి తీసి ఇచ్చాను. టీ వద్దనకుండా తాగింది. రెండు ముక్కలు సోడా రొట్టె తిని, జామ్ బాగుందని చెప్పి వెళ్లిపోయింది.

అంతే జరిగింది. తిట్టలేదు, కొట్టలేదు. కానీ ఆ రోజు నుంచి నేను మర గడప తొక్కలేదు. నా కిటికీలోంచి చూస్తే కనపడేదే అది. ఇప్పుడు వెళ్లి ‘నాకు కావాలి’ అని ఎలా అడగను? నాకెవరు నేర్పారు ఆ మాట? ఈ కోపాన్ని రోజూ పూజలో దేవుడి ముందు పెడుతున్నాను. ఆయన తీసుకోవడం లేదు. నా దగ్గరే ఉంచుతున్నాడు.

ఇంకో సంగతి. పట్నంలో విశ్రాంతిగా ఉంటున్న ఫాదర్ డెవనీ గారు పోయిన గురువారం వచ్చారు. ఆయన ఇల్లు చూసుకునే ఆవిడ కూతురి దగ్గరికి వెళ్లిపోయిందట. నన్ను రమ్మన్నారు. నేను తగనన్నాను. మళ్లీ అడిగారు. కోళ్లున్నాయన్నాను. మూడోసారి అడిగారు. పద్ధతి తెలిసిన మనిషి. ఎక్కడో ఒకచోట నన్ను కావాలనుకున్నారని మనసు కరిగింది. జూన్‌లో వస్తానన్నాను. అక్కడే ఒక గది ఇస్తారు. ఈ ఇల్లు మూసేస్తాను.

కోల్మన్‌కి చెప్పాను. “నీ ఇష్టం అక్కా” అని ఆవుల దగ్గరికి వెళ్లిపోయాడు. పాలు పితికే వేళ కాదు అది. మన ఇంట్లో మగవాళ్లకి ఏడుపొస్తే ఆవులు గుర్తొస్తాయి.

నా కోసం ప్రార్థించు. కోపం పోవాలని, అంతే.

నీ మేలు కోరే అక్క
డింప్నా


క్లూన్‌బ్రాక్
పెంతెకోస్తు పండుగ మర్నాడు

చెల్లాయి ఫినోలాకి,

నీ జాబు అందింది. ‘అక్కా, నువ్వే వెళ్లి అడుగు’ అని ఒక్క వాక్యం రాశావు. నువ్వు నాకంటే పొదుపైపోయావు. వెళ్లే ధైర్యం నాకు రాలేదు. కానీ ఒకటి జరిగింది.

మర తెరిచారు. తెరిచే ముందు హెన్నీ ఇల్లిల్లూ తిరిగి అందర్నీ పిలిచింది. అందరూ వస్తామన్నారు. దేవుడు చల్లగా చూస్తే వస్తానన్నాడు బార్ట్లీ. ఎందుకు రానూ, తప్పకుండా వస్తానంది టెసీ మగోవన్. ఆ మాటలు పట్టుకుని హెన్నీ ఊరందరికీ సరిపడా మట్టి పిసికి, తడిగుడ్డ కప్పి, బల్లలు వేసి కూర్చుంది. మొదటి శనివారం ఎవరూ రాలేదు. మరుసటి శనివారమూ అంతే.

కొట్టు దగ్గర బార్ట్లీ కనపడితే, ఏమయ్యా వెళ్లలేదేం అన్నాను. నేను మట్టి పిసుకుతూ కూర్చుంటే ఊళ్లో ఏమంటారు, బార్ట్లీకి పనీపాటా లేక మేకల దొరసాని దగ్గర బొమ్మలాటలు ఆడుకుంటున్నాడనరూ అని ఎదురు నన్నే అడిగాడు. మరి వస్తానని ఎందుకన్నావు అంటే, అంత ఆప్యాయంగా పిలిస్తే మొహం మీద రానని ఎలా అంటాం, నువ్వే చెప్పు అన్నాడు.

కిటికీలోంచి ఆ ఖాళీ మరని చూస్తే నాకు లోపల కొంచెం హాయిగా అనిపించింది. దేవుడి దగ్గర దాచి లాభం లేదు కాబట్టి నీ దగ్గరా దాచడం లేదు.

మొన్న మధ్యాహ్నం జోరువానలో హెన్నీ వచ్చింది. జుట్టు తడిసి మొహానికి అంటుకుంది. కూర్చోలేదు.

“ఈ ఊరి లెక్క నాకిప్పుడు తెలిసిందనుకుంటాను” అంది. “వస్తామన్నవాళ్లు ఒక్కరూ రాలేదు. మరైతే రానన్నది ఎవరా అని ఆలోచించాను. మీరొక్కరే.”

నేను పొయ్యి వైపు తిరిగాను.

“ఆ రోజు మీరు వద్దన్నది, వద్దనేనా?”

ఇలాంటి ప్రశ్న మన ఊళ్లో ఎవరూ ఎవర్నీ అడగరు ఫినోలా. మీరు మంచి మనసుతో అడిగారు గానీ నేను పెద్దదాన్నయ్యానమ్మా, ఇంకెవరైనా చిన్నవాళ్లని చూసుకోండి అన్నాను. చూడు, మళ్లీ అదే. నోరు దానంతట అదే అనేసింది.

హెన్నీ కోటు విప్పి కుర్చీకి తగిలించి, కూర్చుంది.

“ఇది రెండోసారి” అంది. “మూడోసారి ఇప్పుడే అడగొచ్చా, మధ్యలో టీ తాగాలా?”

నాకు నవ్వాగలేదు. ఎన్నాళ్లకో అంత నవ్వాను. “తాగాలి” అన్నాను.

ఇద్దరం టీ తాగాం. వాన గురించి మాట్లాడాం, పద్ధతి ప్రకారం. నా మోకాలి గురించి కూడా అడిగింది, పాపం. కప్పు కింద పెట్టి మూడోసారి అడిగింది. మీరంతగా అంటున్నారు కాబట్టి సరే అన్నాను.

ఆ తర్వాత ఫాదర్ డెవనీ గారి సంగతి చెప్పాల్సొచ్చింది. వెళ్లాలని ఉందా అంది. లేదన్నాను. అయితే లేదని చెప్పండి అంది. ఆమెకి అంత తేలిక. ఇచ్చిన మాట, అదీ ఫాదర్ గారికి. అయినా రాస్తానన్నాను, ఈ జాబుతో పాటే అదీ పోస్టులో వేస్తున్నాను.

ఊరివాళ్లని రప్పించే ఉపాయం మాత్రం నా దగ్గరుంది. ఈ వేసవి ఇంటిపూజ వంతు నాది. నా వంటింట్లో పట్టినంతమంది పడతారు, మిగతావాళ్లు వానలో నిలబడతారు, ఎప్పుడూ ఉన్నదే. ఈసారి ఇంటి బదులు మరలో పెడతానని చర్చి ఫాదర్ లోహన్ గారిని అడిగాను. కుర్రాయన, సంతోషంగా ఒప్పుకుని, నిన్న పూజ చివర అందరికీ చెప్పారు. బొమ్మలంటే ఎవరూ రారు. కానీ పూజ జరిగేచోట గోడలు వెలవెలబోతూ ఉన్నాయంటే మనవాళ్లకి నిద్ర పడుతుందా? చర్చి మెట్లు దిగుతూనే బార్ట్లీ నన్ను ఆపాడు. డింప్నా, ఆ మరకి వెల్ల ఎవరు వేస్తున్నారు, అలాగే వదిలేస్తారా ఏం, పక్క ఊరివాళ్లు కూడా వస్తారు మరి అన్నాడు. ఏమో బాబూ, నీకు బోలెడు పనులుంటాయి, నిన్నెలా అడగను అన్నాను. రేపు పొద్దున్నే బకెట్ తెస్తాడు.

దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

అక్క
డింప్నా


క్లూన్‌బ్రాక్
తిరుహృదయ పండుగ వారం

చెల్లాయి ఫినోలాకి,

ముందు వెల్ల సంగతి చెప్తాను, తర్వాత నా సంగతి.

బార్ట్లీ వచ్చాడు. బార్ట్లీ వచ్చాడని టెసీ వచ్చింది, వాడు సరిగ్గా వేస్తాడో లేదో చూడటానికి. టెసీ వెంట ఆమె ఆడపడుచులు వచ్చారు. రెండు రోజుల్లో మర పాలలో ముంచి తీసినట్టు అయింది. హెన్నీతో నేను ముందే చెప్పాను, రంగు డబ్బాలు గుమ్మం పక్కన పెట్టి నువ్వు మేకల దగ్గరికి వెళ్లిపో, నువ్వు చూస్తుంటే ఎవరూ ముట్టుకోరు అని. వెళ్లింది. తలుపుకి ఏదో ఒక రంగు కొట్టమని బార్ట్లీకి అప్పజెప్పాను. నీలం కొట్టాడు. కుంచెకి రంగు మిగిలింది. పారేయడమెందుకని లోపలి గోడ మీద, కింద మూలగా, గుర్రం బొమ్మ వేశాడు. మరకి ధాన్యం బండి లాగిన వాళ్ల నాన్న గుర్రమట.

టెసీ వెనక నిలబడి చూసింది. “అది గుర్రమా, మీ మేనత్తా?”

“కాళ్లు నాలుగున్నాయి, లెక్కపెట్టుకో.”

“మీ మేనత్త నడక చూశాక నేను కాళ్లు లెక్కపెట్టడం మానేశాను” అని, అతని చేతిలో కుంచె లాక్కుని, గుర్రానికి తోక సరిచేసింది. ఆ తర్వాత కుంచె వదల్లేదు. పూజ రోజుకి గోడల కింది వరసంతా కోళ్లూ పడవలూ, ఎవరిదో పెళ్లి, కోల్మన్ ఎర్ర ఎద్దు. హెన్నీ వచ్చి చూసి గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. బాగుందని గానీ బాగాలేదని గానీ అనలేదు. చాలా నేర్చుకుంది.

మరరాయి మీద అమ్మ తెల్లదుప్పటి పరిచి ఫాదర్ లోహన్ గారు పూజ చేశారు. పక్క ఊరివాళ్లూ వచ్చారు. ఎవరూ వానలో నిలబడలేదు. తర్వాత శనివారం మట్టి పిసకడానికి కూర్చున్నవాళ్లకి బల్లలు చాలలేదు.

ఇక నా సంగతి. రాలేనని ఫాదర్ డెవనీ గారికి రాశాను కదా. ఆయన జవాబు వచ్చింది. ‘నువ్విలా రాస్తావని నాకు తెలుసు డింప్నా, ఎవరికీ భారం కాకూడదన్న గుణం నీది, నిశ్చింతగా రా’ అన్నారు. మళ్లీ రాశాను, ఇంకొంచెం గట్టిగా. మొదటిదానికంటే ఆప్యాయంగా జవాబిచ్చి, బుధవారం కారు తెస్తానన్నారు. చూశావా ఫినోలా, కావాలనుకుని వద్దన్నప్పుడు ఒక్క మాటకే నమ్మారు. నిజంగా వద్దంటే నమ్మేవాళ్లు లేరు. ఆ మంగళవారం నా ప్రార్థనలో మాటలే లేవు, ఊరికే కూర్చున్నాను. బుధవారం పొద్దున పెట్టె మాత్రం సర్దలేదు.

ఆయన నేరుగా మరకే వచ్చారు. బార్ట్లీ, టెసీ, హెన్నీ కుమ్మరిసారె చుట్టూ ఉన్నారు. కుర్చీ వేసి, టీ ఇచ్చాను. వద్దన్నారు, మళ్లీ వద్దన్నారు, తర్వాత తాగారు.

“పెట్టెలేవమ్మా? కారులో పెట్టిస్తాను.”

కోళ్లున్నాయి ఫాదర్ అన్నాను. అవీ తెచ్చుకో, వెనక తోట ఉందిగా అన్నారు. కోల్మన్ ఒక్కడైపోతాడన్నాను. పెళ్లాం, నలుగురు పిల్లలూ ఉంటే ఒక్కడెలా అవుతాడన్నారు. నా దగ్గర ఇంకా సాకులున్నాయి, మోకాలు ఉంది, చలికాలం ఉంది. ఒక్కొక్కటీ తీసేసి పక్కన పెడతారని కూడా తెలుసు, అంత మర్యాదస్తుడు. చివరికి మర్యాదతోనే నన్ను కారెక్కిస్తారు. ఇంకేమైనా ఉందా అన్నట్టు చూశారు. సారె తిరగడం ఆగింది. బార్ట్లీ తన చేతిలో మట్టిని ఎన్నడూ చూడనట్టు చూస్తున్నాడు.

“రావాలని లేదు ఫాదర్” అన్నాను. “ఇక్కడ ఉండాలని ఉంది.”

యాభై ఏడేళ్లొచ్చాయి, ఎవరి ముందూ ఇంత చిన్న మాట అనలేదు. ఫాదర్ గారు కప్పు సాసర్లో పెట్టారు.

“నిజంగానా?”

“నిజంగానే.”

ఆయన గొంతు తగ్గించి, “అయితే నేనూ ఒకటి చెప్పేస్తాను” అన్నారు. కోల్మన్ చలికాలంలో ఆయన దగ్గరికి వెళ్లాడట. మా అక్క కిటికీ దగ్గరే కూర్చుంటోంది ఫాదర్, మాట్లాడటం లేదు, నాకేం చేయాలో తెలియడం లేదు అన్నాడట. పాపం అడిగి చూద్దాం, ఎలాగూ వద్దంటుందిలే అనుకుని ఈయన వచ్చారు. నేను రెండుసార్లు వద్దన్నాక, మూడోసారి అడక్కుండా లేస్తే బాగుండదు కదా. అడిగారు. నేను సరే అన్నాను.

“మరి ఉత్తరాలు, ఫాదర్?”

“నువ్వు మొహమాటానికి రాస్తున్నావనుకున్నాను. నేను సరేనంటే నిన్ను కాదన్నట్టు ఉంటుంది.” కప్పులోకి చూశారు. “నలభై ఏళ్లు ఎవరో ఒకరు నాకు క్యాబేజీ ఉడకబెట్టి పెట్టారు డింప్నా. ఇప్పుడు నాకు బుద్ధి పుట్టినప్పుడు గుడ్లు వేయించుకుంటున్నాను, రేడియోలో గుర్రప్పందేలు వింటూ. నువ్వొస్తావని ఆ పెనం కూడా దాచేశాను.”

హెన్నీ మట్టి చేతులతో అలాగే నిలబడి మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది. “ఒక్క మాట చెప్పండి” అంది. “ఈ ఊళ్లో అసలు పెళ్లిళ్లెలా జరుగుతాయి?”

“జరగవమ్మా” అన్నాడు బార్ట్లీ. “నన్ను చూడటం లేదూ?”

అందరికంటే ఎక్కువ నవ్వింది ఫాదర్ గారే. సాయంత్రం దాకా ఉన్నారు. చొక్కా చేతులు పైకి మడుచుకుని ఒక గిన్నె కూడా చేశారు. అది ఒక పక్కకి ఒరిగింది. గుడ్డు మాత్రం పడుతుందన్నారు.

కోల్మన్ సంగతే నాకు మళ్లీ మళ్లీ గుర్తొస్తోంది. నాతో ఒక్క మాట అనలేక, నా కోసం అంత దూరం వెళ్లాడు. నిన్న వాడికి చెప్పాను, ఉండిపోతున్నానని, వాడు చేసిన పని తెలిసిందని కూడా. వాడు బూటుతో నేల గీస్తూ నిలబడ్డాడు. “నువ్వు వెళ్లొద్దని అనాలనుకున్నా అక్కా” అన్నాడు. అనేశావుగా ఇప్పుడు అన్నాను.

నాకిప్పుడు ఏ కోపమూ లేదు. పొద్దున్నే తలుపు తీస్తాను, పొయ్యి రాజేస్తాను, త్రికాల జపం చెప్పుకుంటాను, ఆ తర్వాత ఒకరొకరూ వస్తారు. మట్టి వాసన, టీ వాసన, టెసీ నోరు. ఇంతకంటే నేను అడిగింది లేదు.

ఒకటి మాత్రం అడగాలి. నీ సెలవు వచ్చినప్పుడు ఇంటికి రమ్మని రాశాను, గుర్తుందా? అక్కడ పని వదిలి రాలేనన్నావు. నువ్వు నా చెల్లెలివి, నేను పెంచిన పిల్లవి, అయినా ఆ మాట నమ్మి ఊరుకున్నాను. నిన్న మర పై అంతస్తులో కిటికీ పక్కన ఒక మంచం వేయించాను, నీ పేరు చెప్పకుండానే. మళ్లీ అడుగుతున్నాను ఫినోలా. రాలేకపోతే రాలేనని రాయి, నమ్ముతాను. రావాలని ఉంటే మాత్రం ఆ మాటే రాయి.

నిన్ను చూడాలని ఉన్న
అక్క డింప్నా